మంత్రసాని వచ్చిన ఎపిసోడ్

రాత్రి ఏడున్నరకు రాజోలిల మా మగ్గాలు ఆగుతయి.
గుంతల కెల్లి కాళ్లు బయటికి గుంజుకొని
సుంకులమ్మ, నేను, కండెలు చుట్టే పోరి రజిత
గోడకున్న టీవీ కింద కూసుంటం.

టీవీల కోట. కోటల యువరాజు రణకేసరి.
అవతలి మేడల హేమాంగి.
ఒక్క రాజుకు ఇద్దరు రాణుల పిల్లలు.
వాళ్లకు ఎర్కలేదు, మాకు ఎర్క.
ఆమె గాజుల చప్పుడుకు అతను కత్తి కింద వెడ్తడు.
సుంకులమ్మ పిడికెడు నూలుచెత్త తెరమీదికి ఇసిరి
"థూ, తోడబుట్టినోళ్లు! మన్నువడ" అంటది.
మర్నాడు అందరికంటె ముందు రిమోటు పట్టేది ఆమెనే.

నేను ఏమీ అనను.
నూలు చీరకు పట్టుకొంగు కలిపేటప్పుడు
పోగుకు పోగు ముడేస్తం గద,
గప్పుడు నోరిప్పితే లెక్క తప్పుతది.
అట్లనే.

మేనమామ కొడుకైతే పందిరేస్తరు,
పెద్దమ్మ కొడుకైతే పాడె గడ్తరు.
ఈరేశం నాకు పెద్దమ్మ కొడుకు.
ఏ పెద్దమ్మ? మా అమ్మమ్మ, వాళ్ల అమ్మమ్మ
అలంపురం దిక్కు ఏదో ఊర్ల ఒక్క తల్లి కడుపట.
ఆ ఊరు ఇప్పుడు శ్రీశైలం నీళ్ల కింద ఉన్నది.
ఊరు మునిగింది గని వరుస మునగలేదు.

వరదొచ్చిన ఏడు నాకు ఇరవై రెండు నిండినయి.
తుంగభద్ర మా మగ్గం గుంతలకొచ్చి కూసున్నది.
బడి మిద్దె మీద రెండు రాత్రులు, ఊరు ఊరంత.
తడిసిన పట్టు వాసన, పసిపిల్లల ఏడుపు.
చీకట్ల ఎవరో నా మణికట్టు పట్టుకున్నరు,
జారిపోకుండ.
పొద్దు పొడిచినంక గూడ ఇడ్సలే.
గంతే. ఇంకేం లేదు. ఒట్టు.
గని మిద్దె దిగినంక
"అన్నా" అని పిలుద్దామంటే నాలుక తిరగకపాయె.

అమ్మ జూసింది. అమ్మలు జూస్తరు.
తిట్టలే, కొట్టలే.
రాఖీపున్నం నాడు పళ్లెంల బొట్టు, బెల్లం ముక్క, ఎర్రదారం వెట్టి
నా చేతికిచ్చింది.
ఆయనను పీట మీద కూసోవెట్టి తలుపు కాడ నిలవడ్డది.
ఈసారి నా చేతుల ఆయన మణికట్టు.
ఏం సోయిల ఉన్ననో, మూడు ముళ్లు పడ్డయి.
అమ్మ వంగి ఒకటి ఊడదీసింది.

రెండు వందల పన్నెండో ఎపిసోడ్ల
ముసలి మంత్రసాని వచ్చింది.
కట్టె పొడుసుకుంట కొలువుల నిలవడి
"మహారాజా, ఆ రాత్రి మీకు పుట్టిన బిడ్డ దక్కలేదు,
ఈ బిడ్డను బుట్టల దెచ్చి పండవెట్టింది నేనే" అన్నది.
బూరలు ఊదిన్రు. పూలు గురిసినయి.
సుంకులమ్మ కండ్లు తుడుసుకొని
"నేను ముందుగాలనే అన్న గద" అన్నది.
రజితతోని చక్కెర తెప్పించి అందరి నోట్లె పోసింది.
నా నోట్లె గూడ.

మా ఇంటికి కూనపులాయన వచ్చి వంశం జదివినప్పుడు
చెవి రిక్కించి విన్న,
ఒక్క పేరన్న తప్పు జదువుతడేమో అని.
ముసలోడు. కండ్లద్దాల ఒక పక్క పగిలింది.
పొగాకు దవడకు వెట్టుకొని
ఏడు తరాలు గుక్క తిప్పుకోకుండ అప్పజెప్పిండు.
మంచిగ జెప్పిండని అమ్మ పంచె వెట్టింది.

మొన్న పున్నానికి ఈరేశం అయిజ కెల్లి వచ్చిండు,
పెండ్లాం, ఇద్దరు పిల్లలు, అందరు ఒక్క బండి మీద.
నా పెనిమిటి "దా బావా" అని ఎదురువొయ్యి హెల్మెట్ అందుకున్నడు.
ఆయనకు చెవుల కాడ తెల్లవడ్డది.
దారం గడ్తుంటే పళ్లెంల ఐదు వందల నోటు వెట్టి
తల ఎత్తకుండనె అడిగిండు:
"మంత్రసాని వచ్చిందంట గద?"

"ఆ" అన్న. "సీరియల్ల."

రెండు ముళ్లేసి కొస కత్తిరించిన.